బాపు డీటీపీ షాపులోని 1998 నాటి పెంటియం: పాత ఆటల కోసం దాన్నే బాగుచేయాలా, ఎమ్యులేటర్‌తో సరిపెట్టుకోవాలా?

గడియారస్తంభం_నల్లగొండ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ పట్టణం. మా బాపు 1998లో గడియార స్తంభానికి దగ్గరలో ఒక మడిగె కిరాయికి తీసుకుని డీటీపీ షాపు పెట్టి, పెండ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, ఎన్నికల కరపత్రాలు చేసి ఇచ్చేవారు. రాత్రి గిరాకీ సద్దుమణిగాక షట్టరు సగానికి దించి ఆయన లెక్కలు చూసుకునే గంటసేపు ఆ కంప్యూటరు నాకూ, మా చిన్నబాపు కొడుక్కీ దక్కేది. డేవ్‌తో మొదలై ప్రిన్స్ ఆఫ్ పర్షియా, డూమ్ మీదుగా రోడ్ రాష్, నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్‌ఈ దాకా మా ఆటలన్నీ ఆ ఒక్క యంత్రం మీదే సాగాయి.

మొన్న ఇంటికి సున్నం వేయిస్తూ సజ్జ మీది సామాను దించినప్పుడు అది మళ్లీ కంటబడింది. పెంటియం ఎంఎంఎక్స్ 200 ప్రాసెసరు, 32 ఎంబీ ర్యామ్, 2.1 జీబీ హార్డ్ డిస్కు, ఇఎస్‌ఎస్ 1868 సౌండు కార్డు, 15 అంగుళాల సీఆర్‌టీ మానిటరు అన్నీ ఉన్నాయి. షాపు మూసిన 2009 నుంచి దానికి కరెంటు తగలలేదు. "కబాడీకి ఇచ్చెయ్యరా, సజ్జ ఖాళీ అయితది" అంటున్నారు బాపు. నాకు మనసొప్పడం లేదు.

ఈలోగా ల్యాప్‌టాప్‌లో డాస్‌బాక్స్ 0.74, అంటే పాత డాస్ కంప్యూటరును అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాము, వేసి చూశాను. డూమ్ నడుస్తోంది కానీ బొమ్మ పైనుంచి ఎవరో అదిమినట్లు పొట్టిగా కనిపిస్తోంది. 1993, 94 నాటి ఒకటి రెండు ఆటలు నత్తనడక నడుస్తున్నాయి. సీడీలో పాటలున్న ఒక ఆటలో పాట రావడమే లేదు. 64 బిట్ల విండోస్ మీద నీడ్ ఫర్ స్పీడ్ సెటప్ అసలు కదలడం లేదు. ఇవన్నీ ఎమ్యులేటర్‌కు ఉండే సహజ లోపాలా, నా చేతగానితనమా అన్నది తేలడం లేదు. ఆ పాత యంత్రాన్ని లేపడం నిజంగా అక్కరకు వచ్చే పనేనా, లేక జ్ఞాపకాల మీది మమకారంతో నేను పెట్టుకుంటున్న వృథా ఖర్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు. పదకొండేండ్ల మా అమ్మాయి కూడా ఆడాలని కూర్చుని ఉంది.


సిరీస్‌బోర్డు_మిర్యాలగూడ

ఈ జవాబు పూర్తిగా చదివేదాకా దాని ప్లగ్గు గోడకు పెట్టకండి. నేను మిర్యాలగూడలో ఇరవై ఏండ్లకు పైగా మానిటర్లు, యూపీఎస్‌లు, ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటరుకు కరెంటు మార్చి ఇచ్చే డబ్బాలు) బాగుచేస్తున్నాను. రైస్ మిల్లు ఆఫీసుల నుంచి వచ్చే పాత సీపీయూలను తెరిస్తే తవుడు దుమ్ము అట్ట కట్టి ఉంటుంది, తేమ తగిలితే అదే కరెంటుకు దారి ఇస్తుంది. మీది షాపులో నడిచిన యంత్రం కనుక కాగితపు నూగు ఉండవచ్చు. మొదట కుంచెతో, తర్వాత బ్లోయరుతో దాన్ని వదిలించి అప్పుడు కండ్లతో పరీక్ష మొదలుపెట్టండి.

మొదట మదర్‌బోర్డు మీది బ్యాటరీని చూడాలి. 386, 486 ప్రాసెసర్ల కాలపు బోర్డుల మీద పీపా ఆకారంలో నికెల్ కాడ్మియం బ్యాటరీని నేరుగా అతికించేవారు. అది కారిందంటే చుట్టూ ఉన్న రాగి గీతలను తినేసి పచ్చటి బూజులాంటి తుప్పును మిగులుస్తుంది. 1998 నాటి బోర్డులో చాలావరకు బిళ్ల ఆకారపు సీఆర్2032 ఉంటుంది, దానితో ఆ భయం లేదు. కొత్తది వేస్తే సరిపోతుంది. కొన్ని బోర్డుల్లో గడియారం, బ్యాటరీ రెండూ ఒకే నల్లటి చిప్పులో మూసి ఉంటాయి. అలాంటిదైతే చిప్పునే మార్చాల్సి వస్తుంది.

తర్వాత కెపాసిటర్లు, అంటే కరెంటును కాసేపు నిల్వచేసి నిలకడగా ఇచ్చే చిన్న డబ్బీలు. నాసిరకం ద్రవం వల్ల కెపాసిటర్లు ఉబ్బి పగిలిన రోగం ప్రధానంగా 1999 నుంచి 2007 మధ్య తయారైన బోర్డులది కాబట్టి, మీ బోర్డు దాన్ని తప్పించుకుని ఉండే అవకాశం ఉంది. అయినా సజ్జ మీద, స్లాబు వేడికి, మన నల్లగొండ ఎండల్లో ఇన్ని ఎండాకాలాలు గడిపిన కెపాసిటరుకు వయసు రాకుండా పోదు. ప్రాసెసరు పక్కన వరుసగా నిలబడ్డ వాటి తలలు చదునుగా ఉన్నాయో, వేలితో తడిమితే గుబ్బగా తగులుతున్నాయో చూడండి. గుబ్బగా ఉంటే మార్చాల్సిందే.

ఇక ఎస్‌ఎంపీఎస్. ఆ కాలపు ఏటీ రకం డబ్బా అయితే ఒక ప్రమాదాన్ని ముందే తెలుసుకోండి: దాని ముందరి పవర్ స్విచ్చుకు నేరుగా 230 వోల్టుల కరెంటే వస్తుంది. నేటి డబ్బాల్లో ఆ స్విచ్చు ఐదు వోల్టుల సంకేతం మాత్రమే ఇస్తుంది కనుక, అదే ధీమాతో ముందు ప్యానెల్ ఊడదీసి చెయ్యి పెట్టినవారు ఎగిరి పడతారు. వెనుక ఎర్ర స్విచ్చు ఉంటే అది 230 వైపే ఉందని చూసుకోండి. మొదటిసారి కరెంటును సిరీస్ బోర్డు ద్వారా, అంటే ఒక 100 వాట్ల పాత రకం బల్బును దారిలో పెట్టి, ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే మంచిదే. నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల షార్టు ఉన్నట్టు. ఆ సమయంలో ఎస్‌ఎంపీఎస్‌కు బోర్డు తగిలించకండి. ఖాళీగా కూడా వదలకండి, ఆ కాలపు ఎస్‌ఎంపీఎస్‌లు ఎంతో కొంత భారం లేనిదే నిలకడగా నడవవు. ఒక 12 వోల్టుల కారు బల్బు తగిలిస్తే చాలు. మల్టీమీటరులో 5, 12 వోల్టులు సరిగా వచ్చాకే బోర్డు దగ్గరికి వెళ్లండి.

ఏటీ ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు పీ8, పీ9 అని రెండు కనెక్టర్లు వస్తాయి. రెండూ ఒకేలా ఉంటాయి, తారుమారుగానూ దిగుతాయి. పెట్టాక నల్ల తీగలన్నీ మధ్యలో పక్కపక్కన ఉండాలి. ఇది తెలిసీ, ఒక సాయంత్రం మాటల్లో పడి ఒక మంచి 486 బోర్డును నా చేతులతో నేనే కాల్చుకున్నాను. దాని వాసన ఇంకా గుర్తుంది.

మానిటరును మాత్రం తెరవకండి. పిక్చర్ ట్యూబు పక్కన రబ్బరు మూత కింద వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొంతకాలం నిలిచే అవకాశం ఉంది. అది తెలిసినవారి పని.

హార్డ్ డిస్కును ఆ యంత్రంలోనే ఉంచి విండోస్ దాకా బూట్ చేద్దామన్న తొందర కూడా పడకండి. ఇన్నేండ్లు కదలని డిస్కుకు మిగిలి ఉన్న తిరుగుడు ఎంతో చెప్పలేం. ఉన్న ఆ కాస్త ఆయుష్షును లోపలి సరుకు నకలు తీయడానికే వాడండి. ఆ తర్వాత దాని స్థానంలో 4 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును ఐడీఈ (ఆ కాలపు డిస్కు కనెక్షన్) అడాప్టరుతో బిగిస్తే చప్పుడు లేకుండా నడుస్తుంది. ఆ కార్డుకు ఐడీఈ భాష పుట్టుకతోనే వచ్చు కనుక మధ్యలో తర్జుమా చేసే చిప్పు కూడా అవసరం లేదు. మరీ పెద్ద కార్డు కొనకండి, ఆ కాలపు బయోస్‌లు (యంత్రాన్ని లేపే బోర్డు ప్రోగ్రాములు) చాలావరకు 8.4 జీబీ దగ్గరే ఆగిపోతాయి.

ఇంత శ్రమ ఎందుకంటే, లేచాక అది ఇచ్చేది నకలు కాదు. ఆ సౌండు కార్డు చిప్పు మోత, ఆ గాజు తెర వెలుగు, ఆ కీబోర్డు బరువు అన్నీ ఒక్కచోట మళ్లీ దొరుకుతాయి. ల్యాప్‌టాప్‌లో ఎంత సర్దినా అది సర్దుబాటే.


పాలమూరు_డాస్

మిర్యాలగూడ అన్న చెప్పిన జాగ్రత్తలన్నీ నూటికి నూరుపాళ్లు నిజం. చివరి రెండు వాక్యాలతో మాత్రం నేను ఏకీభవించలేను. ప్రశ్న అడిగినవారు ఎమ్యులేటర్‌లో చూసిన లోపాలు నాలుగు. వాటిలో రెండు డాస్‌బాక్స్ సెట్టింగుల వల్ల, ఒకటి సీడీ నకలు తీసిన తీరు వల్ల వచ్చినవి, నాలుగోది అసలు డాస్‌బాక్స్‌కే సంబంధం లేనిది.

డూమ్ పొట్టిగా కనిపించడానికి కారణం చూడండి. ఆ కాలపు డాస్ ఆటలు అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కల బొమ్మను గీసేవి. ఆ బొమ్మ 4:3 నిష్పత్తి గల గాజు తెర నిండా పరుచుకునేది కాబట్టి ఒక్కొక్క చుక్క వెడల్పు కంటే ఎత్తు 20 శాతం ఎక్కువగా సాగేది, ఆటల బొమ్మలు గీసినవారూ ఆ సాగుడును లెక్కలో పెట్టుకునే గీశారు. నేటి తెరలో చుక్కలు చతురస్రాలు. డాస్‌బాక్స్ 0.74లో ఆస్పెక్ట్ అనే అమరిక మొదట ఫాల్స్‌గా ఉంటుంది, దాన్ని ట్రూ చేయండి. డూమ్ సైనికుడి ముఖం మళ్లీ కోలగా అవుతుంది. డాస్‌బాక్స్ స్టేజింగ్ అనే కొత్త శాఖను దించుకుంటే ఈ దిద్దుబాటు కూడా అక్కరలేదు.

నత్తనడక సంగతి ఇంకా తేలిక. డాస్‌బాక్స్ మామూలుగా రియల్ మోడ్ (డాస్ మొదటి తీరు) ఆటలకు 3,000 సైకిల్స్ (దాని వేగపు కొలత) మాత్రమే కేటాయించి, ప్రొటెక్టెడ్ మోడ్ (తర్వాతి, పెద్ద మెమరీ వాడే తీరు) ఆటలకు మీ ల్యాప్‌టాప్ ఇవ్వగలిగినంత వేగాన్ని ఇస్తుంది. డూమ్ రెండో రకం కనుక హాయిగా నడిచింది. రియల్ మోడ్‌లోనే ఉండిపోయిన 1993, 94 నాటి ఆటకు మాత్రం 3,000 అంటే 386 స్థాయి కూడా కాదు, ఊపిరాడదు. ఆట నడుస్తుండగానే కంట్రోల్, ఎఫ్12 కలిపి నొక్కుతూ పెంచుకోండి, ఎక్కువైతే కంట్రోల్, ఎఫ్11. 33 మెగాహెర్ట్జ్ 386కు సుమారు 6,000, 66 మెగాహెర్ట్జ్ 486కు సుమారు 25,000 అనుకుంటే ఎక్కడో ఒకచోట ఆట నిలకడకు వస్తుంది. ఇక్కడే నా అసలు వాదన ఉంది: మీ పెంటియంకు ఈ సౌకర్యం లేదు. 1990లో వచ్చిన వింగ్ కమాండర్ లాంటి ఆటలు ప్రాసెసరు ఎంత వేగంగా ఉంటే అంత వేగంగా పరుగెత్తేవి. 200 మెగాహెర్ట్జ్ యంత్రంలో అది ఆడడానికి పనికిరాదు. బయోస్‌లోకి వెళ్లి క్యాష్ (ప్రాసెసరు దగ్గరి వేగమైన మెమరీ) ఆపేస్తే వేగం ఒక్కసారిగా కుప్పకూలుతుంది కానీ, మధ్య మెట్లు అంత సులువుగా దొరకవు. టర్బో పాస్కల్‌లో రాసిన కొన్ని ప్రోగ్రాములైతే వేగం 200 మెగాహెర్ట్జ్ పరిసరాలు దాటిన యంత్రాల్లో మొదలవుతూనే రన్‌టైమ్ ఎర్రర్ 200 చూపించి ఆగిపోయేవి, ఎందుకంటే జాప్యాన్ని కొలిచే లెక్కలో వచ్చే భాగఫలం వాటికి కేటాయించిన గడిలో పట్టేది కాదు. కాబట్టి అసలు యంత్రం ఉంటే అన్నీ అసలుగా నడుస్తాయన్నది భ్రమ. ఒక యంత్రం ఒక కాలానికే అసలు.

సీడీ పాట రాకపోవడానికి మీరు ఐఎస్ఓ నకలు వాడి ఉండాలి. ఆ ఫైలులో డేటా ట్రాకు మాత్రమే పడుతుంది. ఆడియో ట్రాకులు కావాలంటే బిన్, క్యూ జంటగా నకలు తీసి, క్యూ ఫైలును మౌంట్ చేయాలి, అంటే డాస్‌బాక్స్‌కు సీడీలా తగిలించాలి. అసలు యంత్రంలోనూ ఈ పాట ఊరికే వచ్చేది కాదు, సీడీ డ్రైవు వెనుక నుంచి సౌండు కార్డుకు ఒక సన్నని తీగ ఉండేది. మీ డబ్బా తెరిచినప్పుడు చూడండి, సగం కంప్యూటర్లలో అమ్మినవాళ్లు దాన్ని బిగించనే లేదు. మా ఇంట్లో మేము ఒక కార్ల ఆటను నాలుగేండ్లు పాటల్లేకుండా ఆడాం, దానికి పాటలున్నాయని తెలిసింది ఎమ్యులేటర్ వచ్చాకే.

నాలుగోది విండోస్ సంగతి. 64 బిట్ల విండోస్‌లో 16 బిట్ల ప్రోగ్రాములు నడిచే ఏర్పాటును పెట్టలేదు. 1990లలోని చాలా ఆటలు 32 బిట్లవే అయినా వాటి సెటప్ ఫైలు 16 బిట్లది కావడంతో, ఇల్లు బాగున్నా తాళం పట్టని పరిస్థితి అవుతుంది.

మరో మాట. ఎమ్యులేటర్లలో పాత తెరలా కనిపించాలని నల్లటి అడ్డగీతలు వేసే ఫిల్టర్లు ఉంటాయి. డాస్ ఆటలకు దయచేసి అవి వాడకండి. వీజీఏ కార్డు (ఆ కాలపు డిస్‌ప్లే కార్డు) 200 వరుసల బొమ్మలో ప్రతి వరుసనూ రెండుసార్లు గీసి 400 వరుసలుగా పంపేది కనుక, మీ బాపు షాపు మానిటరులో ఆ గీతలు ఎన్నడూ లేవు. అవి టీవీకి తగిలించిన ఆటలవి. లేని జ్ఞాపకాన్ని డబ్బా తెరవకుండానే తయారుచేసుకోవడం అది.


వనపర్తి_లెక్కలసారు

ఇద్దరూ చెప్పినవి సరైనవే కానీ, ఇద్దరూ వదిలేసిన ఒక లెక్క ఉంది, ఈ వివాదంలో నిజమైన బరువు దానికే ఉందని నా అభిప్రాయం. వీజీఏలో ఆ 320, 200 చుక్కల తెర సెకనుకు 70 సార్లు మారుతుంది. డూమ్ తన ప్రపంచాన్ని సెకనుకు 35 సార్లు కదిలిస్తుంది. 70ని 35తో భాగిస్తే రెండు. అంటే ప్రతి బొమ్మా సరిగ్గా రెండుసార్లు తెర మీద నిలుస్తుంది, కదలిక నూనె రాసినట్లు సాగుతుంది. మన ల్యాప్‌టాప్ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 60ని 35తో భాగిస్తే పూర్ణాంకం రాదు కనుక కొన్ని బొమ్మలు ఒకసారి, కొన్ని రెండుసార్లు కనిపించి, గోడ పక్కన నడుస్తుంటే సన్నని కుదుపు తెలుస్తుంది. చాలామంది దీన్ని "ఎమ్యులేటర్‌లో ఏదో తేడా ఉంది" అంటారు కానీ తేడా తెరది. వేగాన్ని సంకేతానికి తగ్గట్టు మార్చుకునే వీఆర్‌ఆర్ మానిటరు ఉంటే డాస్‌బాక్స్ స్టేజింగ్‌లో ఈ కుదుపు దాదాపు పోతుంది, లేకపోతే గాజు తెరే శరణ్యం.

తెర ఎంత ముఖ్యమో మా ఇంటి టీవీ గేమ్ నాకు బాగా నేర్పింది. 90లలో మన దగ్గర జాతరల్లో, ఫ్యాన్సీ షాపుల్లో అమ్మిన ఆ టీవీ గేమ్‌లు జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లు. వాటితో బాతులను కాల్చే తుపాకీ వచ్చేది. మీట నొక్కగానే ఆట తెరను ఒక్క క్షణం నల్లగా చేసి, మరుక్షణం బాతు ఉన్నచోట తెల్లటి గడి గీస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ తెల్లదనాన్ని ఆ క్షణంలోనే చూస్తే దెబ్బ తగిలినట్టు. ఎల్‌సీడీ టీవీ ఆ బొమ్మను తన లోపల కాసేపు అట్టిపెట్టుకుని చూపిస్తుంది కాబట్టి, కన్ను వెతికే వేళకు గడి తెర మీదికి రాదు. నిరుడు మా మేనల్లుడు కొత్త టీవీకి అది తగిలించి, తుపాకీ పాడైందని నా దగ్గరికి తెచ్చాడు. మా అత్తగారింట్లో మూల పడి ఉన్న పాత టీవీకి పెట్టి చూపిస్తే మొదటి బాతే పడింది. ఎమ్యులేటర్‌లో మౌసుతో కాల్చవచ్చు, కానీ అది వేరే ఆట అవుతుంది.

మీ ఆటల విషయానికి వస్తే నేను ఇలా చూస్తాను. డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియాలకు పెద్ద యంత్రం అవసరమే లేదు, డాస్‌బాక్స్ చాలు. డూమ్ మీద పైన చెప్పాను. నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్‌ఈలో ఒక విచిత్రం ఉంది: అది త్రీడీఎఫ్‌ఎక్స్ వూడూ అనే త్రీడీ గ్రాఫిక్స్ కార్డుల కోసం గ్లైడ్ భాషలో చిత్రాలు గీయగలదు. మీ షాపు యంత్రంలో వూడూ ఉన్నట్టు మీరు చెప్పలేదు కనుక, మీరు చిన్నప్పుడు చూసింది ప్రాసెసరు ఒక్కటే కష్టపడి గీసిన గరుకు బొమ్మను. ఈనాటి విండోస్‌లో గ్లైడ్ పిలుపులను అనువదించే ఎన్‌గ్లైడ్ అనే చిన్న ప్రోగ్రాముతో ఆడితే మీకు కనబడేది ఆ రోజుల్లో డబ్బున్నవాళ్లు చూసిన ఆట. మీకు ఏది కావాలో మీరే తేల్చుకోవాలి. గరుకుదే కావాలంటే 86బాక్స్ అనే ఎమ్యులేటర్ ఉంది. డాస్‌బాక్స్ ఆటలు నడవడానికి కావలసినంతే అనుకరిస్తే, ఇది బోర్డు, బయోస్, డిస్కు కంట్రోలరుతో సహా మొత్తం యంత్రాన్నే కడుతుంది. అందుకే విండోస్ 98 దానిలో నిజమైన యంత్రంలో ఎక్కినట్టే ఎక్కుతుంది. బదులుగా మీ ల్యాప్‌టాప్ ప్రాసెసరును పిండేస్తుంది.

డిస్కు నకలు తీయడానికి ఐడీఈని యూఎస్‌బీకి కలిపే అడాప్టరు, లినక్స్‌లో డీడీ రెస్క్యూ వాడండి. అది మొరాయించే చోట ఆగి డిస్కును గీకదు. చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని, మిగిలినవి ఎక్కడున్నాయో రాసుకుని, చివర్లో వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. ముసలి డిస్కుకు ఇలాంటి మర్యాద అవసరం.

చట్టం గురించి కూడా ఒక వాక్యం. అమ్మకంలో లేని ఆట కనుక ఎక్కడి నుంచైనా దించుకోవచ్చన్న వెసులుబాటు మన 1957 నాటి కాపీరైట్ చట్టంలో లేదు. చట్టబద్ధంగా మీ దగ్గరున్న ప్రోగ్రాముకు రక్షణ కోసం నకలు తీసుకోవడాన్ని మాత్రం 52వ సెక్షను అనుమతిస్తుంది. మీ సీడీలు మీ దగ్గరుంటే వాటి నుంచే తీసుకోండి.


గడియారస్తంభం_నల్లగొండ

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత సంగతి చెబుతున్నాను.

డబ్బా తెరిచాను. బ్యాటరీ బిళ్ల రకమే, కారలేదు. ఎస్‌ఎంపీఎస్ ఏటీ రకమే. సిరీస్ బోర్డు మీద పెడితే బల్బు మెరిసి మందగించింది, మీటరులో 5, 12 రెండూ సరిగ్గానే వచ్చాయి. ప్రాసెసరు పక్కన ఏడు కెపాసిటర్లుంటే రెండింటి తలలు గుబ్బగా వేలికి తగిలాయి. పాలమూరు మిత్రులు చెప్పిన సీడీ తీగ మా యంత్రంలోనూ లేదు. అంటే ఆ ఆట పాటలు నేనెన్నడూ వినలేదు, విన్నానని ఇన్నేండ్లుగా అనుకుంటున్నాను.

బోర్డుకు కరెంటు ఇవ్వకుండా డిస్కును బయటకు తీసి నకలు మొదలుపెట్టాను. మొదట టకటకమని కొట్టుకుని నా ప్రాణం పైకి పోయినంత పని చేసింది, తర్వాత సర్దుకుంది. చివరికి కొన్ని కిలోబైట్లు తప్ప మొత్తం వచ్చింది. ఆ నకలును 86బాక్స్‌కు ఇస్తే విండోస్ 98 లేచి, తన చుట్టూ ఉన్న వస్తువులన్నీ మారిపోయాయని గుర్తించి, ఒక్కొక్కదానికీ సీడీ పెట్టమని అడగసాగింది. కంప్యూటరు అమ్మినవారు కాబ్ ఫైళ్లను (విండోస్ సెటప్ ఫైళ్లను) డిస్కులోనే ఒక ఫోల్డరులో ఉంచి ఉండబట్టి గండం గడిచింది. పెంటియం ఎంఎంఎక్స్ 200 పెడితే నా ల్యాప్‌టాప్ మోయలేకపోయింది, కిటికీ పైన 60 శాతం, 65 శాతం అని చూపిస్తూ శబ్దం ముక్కలు ముక్కలుగా వచ్చింది. పెంటియం 133కు తగ్గించాక నూటికి నూరు శాతం నిలబడింది.

డూమ్ తెరిచి లోడ్ గేమ్ నొక్కితే ఆరు గడుల్లో ఐదు నిండి ఉన్నాయి. మూడో గడిలో మా తమ్ముడు ఇంగ్లీషు అక్షరాలతో "ముట్టొద్దు" అని రాసిపెట్టాడు. ఫోన్ చేసి చెబితే ముందు నవ్వి, ఇప్పుడైనా ముట్టొద్దన్నాడు. మా అమ్మాయి ముట్టింది.

నేను ఊహించనిది ఇంకొకటి. బాపు చేసిన పత్రికల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. అవి యూనికోడ్ రాకముందటి తెలుగు ఫాంట్లలో చేసినవి కనుక నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే గీతలు, గుర్తులు తప్ప ఏమీ కనబడవు; అదే ఎమ్యులేటర్‌లోని పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, ఆ ఫాంట్లు పక్కనే ఉన్నందువల్ల, నిన్న చేసినట్లు తెరుచుకున్నాయి. బాపును పిలిచి చూపించాను. ఒక పెండ్లి పత్రిక దగ్గర ఆగి, "దీంట్ల ముహూర్తం తప్పు పడ్డది, రెండు వందల కార్డులు మళ్ల వేసిచ్చినం" అన్నారు. కబాడీ మాట ఆ తర్వాత ఎత్తలేదు.

అసలు యంత్రాన్ని కూడా లేపాలనే నిర్ణయించాను. డూమ్ కుదుపు గురించి లెక్కల సారు చెప్పాక అది నాకు ప్రతి గోడ దగ్గరా కనబడుతోంది, ఆ ఒక్క సుఖం కోసమైనా ఆ మానిటరు కావాలి. ఆ రెండు కెపాసిటర్ల మీద 1000 మైక్రోఫారడ్, 6.3 వోల్టులు అని ఉంది. వచ్చే వారం హైదరాబాద్ వెళ్తున్నాను. కోఠి గుజరాతీ గల్లీలో అదే విలువవి దొరక్కపోతే 10 వోల్టులవి వేయవచ్చా? రెండే మార్చాలా, ఏడూ మార్చాలా?


సిరీస్‌బోర్డు_మిర్యాలగూడ

10 వోల్టులవి నిస్సందేహంగా వేయవచ్చు. వోల్టు ఎక్కువ ఉండవచ్చు, తక్కువ ఉండకూడదు. మైక్రోఫారడ్ మాత్రం అదే ఉండనివ్వండి. దుకాణంలో 105 డిగ్రీలది, లో ఇఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువ) రకం అని గట్టిగా అడగండి, లేకపోతే మామూలు 85 డిగ్రీలది చేతిలో పెడతారు, అది ప్రాసెసరు పక్కన ఆగదు. లావు కూడా కొలుచుకుని వెళ్లండి, వోల్టు పెరిగితే శరీరమూ పెరుగుతుంది, పక్కనున్న హీట్ సింక్ క్లిప్పుకు తగలవచ్చు. ఏడూ ఒకే రోజు పుట్టినవి కనుక ఏడూ మార్చండి.

ఊడదీసే ముందు ప్రతిదాన్నీ పైనుంచి ఫోటో తీసి పెట్టుకోండి. కెపాసిటరు ఒంటి మీద గీత ఉన్న వైపు నెగటివ్. బోర్డు మీద అచ్చువేసిన వృత్తంలో రంగు నింపిన సగం సాధారణంగా నెగటివే కానీ, కొందరు తయారీదారులు తిరగేసి అచ్చువేశారు. అందుకే బోర్డును నమ్మకండి, పాతది ఎటు చూసి నిలబడి ఉందో దాన్ని నమ్మండి. ఇక పీ8, పీ9 బిగించేటప్పుడు పక్కన ఎవరినీ మాట్లాడనివ్వకండి.